తిరస్కరణకు కారణం

తొర్రెసేకా పురపాలక ఆఫీసులో
కుర్చీలు నాలుగు, మనిషిని నేనొక్కదాన్ని.
మేయరు మంగళవారం వస్తాడు,
రొట్టెల బండీ ఆరోజే వస్తుంది,
రెండు పనులూ కలిసొస్తాయని.

మూడేళ్ళ కిందట రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది:
ఎక్కడుండైనా పని చేసుకోగలిగినవాళ్ళు
ల్యాప్‌టాప్ చంకనేసుకుని మా ఊరొచ్చి
రెండేళ్ళు కాపురముంటే
పదివేల యూరోలు.
మధ్యలో పోతే వడ్డీతో సహా కక్కాలి.

ఊరే ఎదురు డబ్బిచ్చి
మనుషుల్ని తెచ్చుకోవడం
నా సర్వీసులో ఇదే చూడ్డం.

ఫారం పదకొండు పేజీలు.
ఇంకు అయిపోతే పక్కూరి బడికి పోయి జిరాక్సు తీశాను.
మా బడిలో ఇప్పుడు
కార్క్ చెట్ల బెరడు కట్టలు చదువుకుంటున్నాయి,
ఒకదాని మీద ఒకటి, అల్లరి లేకుండా.

వచ్చింది ఒక్కతే. మిరేయా. వాలెన్సియా పిల్ల.
ఎవరి దేశంలోనో ఎవరికో
ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు కుదిర్చే యాప్‌కి
మాటలు రాసే పని.
మాకు డాక్టరు పదిహేను రోజులకోసారి వస్తాడు,
టైరు బాగుంటే.

ఆమె నిజంగా ఉంటోందా లేదా
నెలనెలా నేను ధ్రువపరచాలి.
కరెంటు బిల్లు జతచేయాలట, ఫోటో కావాలట.
కిటికీలోంచి తల బయటపెట్టి
ఆమె పొగగొట్టం చూసి సంతకం పెట్టేదాన్ని.

ఆ చలికాలమే నజారియో వచ్చాడు.
టోపీ తీసి బల్లమీద పెట్టి
నింపిన ఫారం పక్కన పెట్టాడు.

ఎక్కడి నుంచి వస్తున్నారు: *ఇంటి నుంచి.*
ఏం పని: *నూట నలభై గొర్రెలు.*
పని జరిగే చోటు: *కొండ అవతల, నాలుగు కిలోమీటర్లు.*
దూరం నుంచి చేయగలరా: *ఈల వేస్తాను. మిగతాది కుక్క చూసుకుంటుంది.*
ఇంటర్నెట్ వేగం: *గాలిని బట్టి.*

నేను నవ్వాను. అతను నవ్వలేదు.
"వచ్చేవాళ్ళకి ఇంతిస్తుంటే
పోనివాళ్ళకి ఎంతిస్తారు, కసిల్దా?"

పైకి పంపాను. ఇరవైమూడు రోజులకి జవాబొచ్చింది.
*తిరస్కరణకు కారణం:
దరఖాస్తుదారు ఇప్పటికే అక్కడ ఉన్నారు.*

మా అన్నలు బిల్బావో ఉక్కు కొలిమిలకు పోయినప్పుడు
ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.
బస్సు టిక్కెట్టు వాళ్ళే కొనుక్కున్నారు.
నేను ఉండిపోయినప్పుడూ ఇవ్వలేదు.
ఉండిపోవడానికి టిక్కెట్టు అక్కర్లేదు గనక
ఖర్చేమీ కాలేదనుకున్నారేమో.

ఆ కాగితం నజారియోకి చూపించలేదు.
సొరుగులో వేశాను, అట్టడుగున,
ఎండిపోయిన స్టాంపు ప్యాడు కింద.
అతనూ అడగలేదు. అడక్కపోవడమే ఎక్కువ బాధించింది.

ఫిబ్రవరిలో గడ్డకట్టే రాత్రి
తల్లి పోయిన గొర్రెపిల్లని కోటులో చుట్టి
మిరేయా తలుపు తట్టాడట.
ఊళ్ళో రాత్రంతా హీటరు నడిచే ఇల్లు అదొక్కటే,
సర్కారు వేడి.
మర్నాడు బల్లకింద అట్టపెట్టెలో
అది మీటింగు మధ్యలో అరిచిందట,
అవతల పధ్నాలుగు మంది
ఎవరి మైకు తెరిచి ఉందని
ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారట.

గడువు మొన్న శుక్రవారంతో తీరింది.
శనివారం లేవగానే కిటికీ తెరిచాను,
నా పని కాకపోయినా.
పొగ ఉంది.
ఆదివారమూ ఉంది, కాస్త పల్చగా.

ఇవాళ సోమవారం, ఆమే వచ్చింది.
"పొడిగింపు లాంటిదేమైనా ఉందా?" అంది,
బూట్లకి పేడ, చేతిలో కారు తాళాలు.

నోటితో చెప్పలేక
సొరుగు లాగి, స్టాంపు ప్యాడు జరిపి
నజారియో కాగితం ఇచ్చాను.

నిలబడే చదివింది.
చివరి వాక్యం దగ్గర ఆగి
మళ్ళీ పైనుంచి చదివింది.
"దీనికో జిరాక్సు ఇస్తారా?"

ఇంకు లేదన్నాను.
రేపు రొట్టెల బండితో వస్తుంది,
రమ్మన్నాను.